ముందు బెంచీ వాగ్దానాలు

3 డిసెంబరు 2025, బుధవారం. దమ్మపేట

వనజ బోనకల్‌లో వాళ్ల అక్క ఇంటికి వెళ్లి తొమ్మిది రోజులు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషికి భార్య అలిగి వెళ్లడం కూడా ఒక విశ్రాంతే. పొద్దున నా టీ నేనే పెట్టుకున్నాను. పంచదార అనుకుని ఉప్పు వేశాను, అది వేరే సంగతి. డబ్బాల మీద పేర్లు రాయమని పెళ్లయినప్పటి నుంచి చెబుతున్నాను.

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక అలగడం సులువైపోయింది. ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది.

మధ్యాహ్నం: పప్పు.

5 డిసెంబరు

అదే పప్పు.

8 డిసెంబరు, సోమవారం

జరిగింది జరిగినట్టు ఒక చోట రాసి ఉండాలి. సంఘంలో ఇప్పటికే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు.

నవంబరు 23న మా పెళ్లికి నలభై ఏళ్లు నిండాయి. ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టాం. అరవై మంది వచ్చారు. కిందటేడు మా సంఘానికి వచ్చిన పాస్టరు చిరంజీవి, ముప్ఫై ఏళ్ల వాడు, మైకు నా చేతికిచ్చి, “సార్, అమ్మగారి గురించి రెండు మాటలు చెప్పండి” అన్నాడు.

చెప్పాను. మొదటి శతాబ్దంలో క్రైస్తవ వివాహం ఎలా ఉండేదో చెప్పాను. బైబిలు నడుమ ఎనిమిది అధ్యాయాల ప్రేమపాట ఉందనీ, దాన్ని పవిత్ర గ్రంథంలో ఉంచాలా వద్దా అని పూర్వం పండితులు ఎంత కొట్టుకున్నారో చెప్పాను. ఆ పాట గురించి 1994లో యువజనుల కూడికలో నేను ప్రసంగిస్తుంటే, అప్పటి సంఘ కార్యదర్శి జకరయ్య మధ్యలో లేచి మైకు తీయించిన సంగతి చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను ఎవరూ ప్రసంగ వేదిక ఎక్కనివ్వలేదని కూడా చెప్పాను. జకరయ్య ముందు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు కాబట్టి వివరంగా చెప్పాను. మొత్తం నలభై నిమిషాలు. బాగా మాట్లాడాను. బిర్యానీ చల్లారిందంటే అది వంటవాళ్ల తప్పు.

మర్నాడు పొద్దున వనజ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“నలభై నిమిషాలు మాట్లాడినవ్. జకరయ్య పేరు పదకొండుసార్లు తీసినవ్. నేను లెక్కపెట్టిన. నా పేరు ఒక్కసారి రాలే.”

“నీ గురించి అందరికీ తెలిసిందేగా” అన్నాను.

“నీకు తెలుసా?” అని, నా జవాబు కోసం కాసేపు చూసి, బస్టాండుకు నడిచింది.

పదకొండు అనేది అబద్ధం. తొమ్మిదికి మించి ఉండవు.

10 డిసెంబరు

కొత్తగూడెం నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. తల్లి పక్షమే. తెలుగు పండితుడి కూతురు అయివుండి “నాన్నా, సారీ చెప్పేయ్” అంటుంది. ఏ తప్పుకు చెప్పాలో చెప్పమన్నాను. నవ్వి పెట్టేసింది.

12 డిసెంబరు, శుక్రవారం

పాస్టరు ఇంటికొచ్చాడు. ఈ ఏడు వాగ్దాన కార్డులు నన్ను తయారు చేయమన్నాడు. ఎప్పుడూ జకరయ్య విజయవాడ నుంచి కట్టలు తెప్పించేవాడు, అచ్చుతప్పులతో సహా. “మీరు పండితులు కద సార్, వచనాలు మీరే ఏరి, మన బషీర్ దగ్గర ప్రింట్ చేయించండి. రెండొందల నలభై కార్డులు” అన్నాడు.

పని ఒప్పుకున్నాను. సంఘ సేవ.

మా ఆచారం ప్రకారం కొత్త సంవత్సరం ఆరాధనలో ఈ కార్డుల పళ్లెం మొదట ముందు బెంచీకి వెళుతుంది. పెద్దలు తలా ఒక కార్డు తీసి, మైకులో బిగ్గరగా చదవాలి. జకరయ్య కూర్చునేది ముందు బెంచీ మీదే.

నేను ఇంకేమీ రాయను. ఇది నా డైరీయే అయినా.

16 డిసెంబరు, మంగళవారం

బషీర్‌ది బస్టాండు ఎదురుగా జిరాక్స్, టైపింగు షాపు. మనిషి మంచివాడు, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని నెమ్మదిగా కొడతాడు. మొదటి వంద కార్డులు మామూలువే. భయపడకు, విడువను, పోషిస్తాను, అలాంటివి. తర్వాత వేరే కాగితం ఇచ్చాను. రెండు లైన్లు కొట్టి ఆగాడు.

“సారూ, గిది ఏంది? పెదాలంటుండు, తేనె అంటుండు. గిది చర్చిదేనా, పెండ్లి పత్రికదా?”

“చర్చిదే. బైబిలు వాక్యం.”

“మీ బైబిలుల గిట్లాంటిది కూడ ఉందా? మరి మీ పెద్దమనుషులు గంత సీరియస్‌గ ఎందుకుంటరు సారూ?”

“వాళ్లు ఆ పేజీలు తెరవరు.”

“గివి ఏం జేస్తరు కార్డులు?”

“జనవరి ఒకటిన తలా ఒకటి తీస్తారు. అది ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. గోడకు అంటించుకుంటారు.”

బషీర్ ఇంకో లైను కొట్టి, ఇక ఉండలేక లోపలికి కేకేశాడు. షాపు వెనకే ఇల్లు. అజ్మత్ బీ టీ కప్పులతో వచ్చింది. ఆమెకు చదివి వినిపించాడు.

“సారు రాసిండా?” అంది ఆమె.

“కాదమ్మా. పాత కాలపుది. సొలొమోను రాజు పేరు మీద ఉంది. రాసింది ఆయనేనా అనేది పండితులు ఇంకా తేల్చలేదు.”

“సులేమాన్ నబీ పేరు మీదనా!” ఆమె కొంగు సర్దుకుంది. తర్వాత భర్త వైపు తిరిగింది. “గంత పెద్దాయన పేరు మీదనే గిట్ల ఉంటే, నీకేం రోగం? ముప్పై ఆరేండ్లల నువ్వొక్కటన్న అన్నవా?”

బషీర్ మళ్లీ కీబోర్డు మీదకు వంగాడు. ఈసారి చాలా జల్దీగా కొట్టాడు.

ప్రేమపాట కార్డులు మొత్తం ఇరవై రెండు.

25 డిసెంబరు

క్రిస్మస్. వనజ పాడేది పదిహేడో నంబరు పాటలో పై స్వరం. ఈ ఏడు ఎవరూ పాడలేదు. పాట కురచగా వినిపించింది. వినేవాడి చెవిని బట్టి ఉంటుంది.

1 జనవరి 2026, గురువారం

ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత నాకు న్యాయం జరిగింది. తీరిగ్గా రాసుకుంటాను.

పొద్దున తొమ్మిదిన్నర ఆరాధన. పళ్లెంలో కార్డులు నేనే పేర్చాను. ఇరవై రెండూ పైన. పళ్లెం ముందు బెంచీకి వెళ్లింది.

మొదట రవీందర్. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, మా సంఘ కోశాధికారి. మైకులో గట్టిగా చదివాడు. ఆ పాటలో ప్రియురాలి పళ్లను అప్పుడే కడిగి గట్టెక్కిన గొర్రెల మందతో పోలుస్తాడు, ఒక్కటీ తప్పిపోలేదంటాడు. రవీందర్‌వి కట్టుడు పళ్లు. చర్చి అంతా ఆయన నోటి వైపే చూసింది. ఆయన నోరు మూసుకుని చెయ్యెత్తి “ఆమేన్” అన్నట్టు ఊపాడు.

తర్వాత భీమ్లా. అటవీ శాఖలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు జీడితోట ఉంది. పూత మీదున్న ద్రాక్షతోటల్ని గుంటనక్కలు పాడు చేస్తున్నాయి, పట్టుకోండి అనే మాట వచ్చింది. “కరెక్ట్” అన్నాడు మైకులోనే. “మా జీడితోటల గూడ ఇదే కథ. దేవునికి అన్నీ తెలుసు.”

మూడోవాడు జకరయ్య. డెబ్బై ఆరేళ్లు. కళ్లజోడు లేకుండా కార్డు దూరంగా పట్టుకుని, ఆయన మామూలుగా సంఘ తీర్మానాలు చదివే గొంతుతో మొదలుపెట్టాడు. ఆ పాట మొట్టమొదటి మాటే అది. ఆ అమ్మాయి, అతను తనను ముద్దు పెట్టుకోవాలని కోరుతుంది. జకరయ్య సగం దాకా వచ్చి ఆగాడు. కార్డు దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ దూరం పెట్టాడు.

నేను ఈ నిశ్శబ్దం కోసం 1994 నుంచి ఎదురుచూస్తున్నాను.

అయితే వెనకనుంచి ఎవరో నవ్వారు. చూస్తే శారదమ్మ. జకరయ్య భార్య. మోకాళ్లు సరిగా లేవు, గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. “చదువు, చదువు, పూర్తిగ చదువు” అంది. ఆడవాళ్ల వైపంతా నవ్వందుకుంది. పాస్టరు కూడా.

నేను అనుకున్నది అది కాదు. ఆయన ఎర్రబడాలి, వీళ్లు నవ్వకూడదు.

2 జనవరి

బోనకల్ నుంచి చిన్నక్క ఫోన్. వనజ అక్క, నాకు వదిన. “మరిదీ, వనజ పేరున కార్డు తీసినవా?”

రాలేనివాళ్ల పేరున ఇంట్లోవాళ్లు తీయాలి. అది కూడా ఆచారమే.

“హడావుడిలో కుదరలేదు వదినా.”

“సరే. నేను ఆమెకు చెప్ప.” ఫోన్ పెట్టేసింది.

రెండు వందల నలభై కార్డులు ఏరినవాణ్ని. ఒకటి మిగలలేదా అంటే ఏం చెప్పాలి?

5 జనవరి, సోమవారం

జంపక్క వచ్చింది. అడవి అంచున గూడెం నుంచి చింతపండు, చీపురుపుల్ల తెచ్చి అమ్ముతుంది, శనివారాలు మా చర్చి ఊడుస్తుంది. మొగుడు పోయి పదేళ్లు. చెవులు సరిగా వినపడవు కాబట్టి ముందు బెంచీ పక్కనే చాప మీద కూర్చుంటుంది. అలా ఇరవై రెండులో ఒకటి ఆమెకు పోయింది.

“చదువు సారూ” అని కార్డు ఇచ్చింది. చదివాను. లేచి రమ్మని ఒకడు పిలుస్తాడు. చలికాలం పోయింది, వాన వెలిసింది, నేల మీద పూలు పూశాయి, పావురం కూస్తోంది, రా, అంటాడు.

“ఎవరు ఎవరితోని అంటుండు?”

“ఒక మనిషి తన ప్రియురాలితో అంటున్నాడు. మన పెద్దలు దాన్ని క్రీస్తు సంఘంతో అన్నట్టు చెబుతారు. యూదులు దేవుడు వాళ్ల జనంతో అన్నట్టు...”

“గట్ల గాదు సారూ. గిది నా కార్డు గద. నాతోని ఎవరంటుండు?”

నేను ఆ ఎనిమిది అధ్యాయాల మీద మూడు భాషల్లో వ్యాఖ్యానాలు చదివాను. ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

“దేవుడే అనుకో.”

“లే అంటుండు. ఏం పనికి?”

“పనికి కాదు జంపక్కా. ఊరికే. పూలు చూద్దాం రా అని.”

ఆమె వాకిట్లో కోడి తిరుగుతుంటే దాన్ని చూస్తూ కూర్చుంది.

“నన్ను లే అని లేపినోళ్లంత పనికే లేపిండ్రు సారూ. అమ్మ లేపింది, అత్త లేపింది, మా ఆయన లేపిండు. పూలు చూద్దం రా అని ఎవ్వలు లేపలే.” కార్డును నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. “మంచిగనే ఉన్నడు మీ దేవుడు. గింతకాలం చెప్పలేదేంది?”

నోట్సులో రాసుకున్నాను. ఈ ఆలోచన నాదిగానే చెప్పుకోవచ్చు.

వనజను రోజూ అయిదింటికి లేపేది నేనే. టీ కోసం.

9 జనవరి, శుక్రవారం

జకరయ్య వచ్చాడు. చేతికర్ర చప్పుడు వీధి మలుపు నుంచే వినిపించింది. నేను సిద్ధంగా కూర్చున్నాను. ఏ సంవత్సరం, ఏ సభ, ఎవరెవరు సాక్షులు, అన్నీ కాగితం మీద ఉన్నాయి.

“తిమోతీ, మొత్తం చదివిన” అన్నాడు కూర్చోకుండానే. “ఎనిమిది అధ్యాయాలు. శారదకు వినిపించిన. మోకాళ్లకు నూనె రాసుకుంట వింటది.”

“ఏమన్నది?”

“‘యాభై ఏండ్ల నుంచి దీన్ని దాచిపెట్టి నాకు బైబిలుల గోత్రాల లెక్కలు వినిపించినవా’ అన్నది.”

నేను నవ్వలేదు. దగ్గాను.

“నిన్ను తొంభై నాలుగుల ఆపింది తప్పే” అన్నాడు. “నువ్వేదో సిద్ధాంతం అనుకుంటున్నవ్. సిద్ధాంతం లేదు, గిద్ధాంతం లేదు. నా బిడ్డ ముందు వరుసల కూసుంది. దాని పక్కన కూసొని నువ్వు చదివే మాటలు వినాల్నంటే నాకు సిగ్గయింది. అంతే.”

ముప్ఫై ఒక్క ఏళ్లు. నేను దాని మీద రెండు నోటుబుక్కులు రాశాను. అగస్టీను అనే తొలినాటి క్రైస్తవ పండితుడి కాలం నుంచి వాదన కట్టాను. కారణం సిగ్గట. కనీసం దురభిప్రాయమైనా కాదు.

గుమ్మం దిగుతూ, “వనజమ్మ ఎప్పుడొస్తది?” అని అడిగాడు.

“మిరపకాయల పని ఉంది అక్కడ. అయ్యాక.”

“అడిగినవా?”

“ఆమెకు తెలుసు.”

“నేనుగూడ గట్లనే అనుకున్న శారదకు తెలుసని” అని వెళ్లిపోయాడు. మనిషిలో పొగరు తగ్గలేదు.

12 జనవరి, సోమవారం

రెండు వార్తలు. పాస్టరు రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు, అనుభవం లేదు.

ఒకటి: కార్డుల గురించి సంఘమంతా అడుగుతోందట. జనవరి 25 ఆదివారం ఆ ప్రేమపాట మీద నన్ను ప్రసంగించమన్నాడు. వేదిక మీద. జకరయ్యే ప్రతిపాదించాడట.

రెండు: “అమ్మగారు ఫోన్ చేసిండ్రు సార్. సభ్యత్వం బోనకల్ చర్చికి మార్చుకుంటరట. బదిలీ లెటర్ అడిగిండ్రు. నేను నెలాఖరు దాకా ఆపుత. ఆ తర్వాత అడిగితే ఇయ్యక తప్పదు.”

పెళ్లిలో రాసుకున్న పేరు ఇక్కడి రిజిస్టరులో ఉంది. నా పేరు కిందే. నేనే రాశాను, అక్షరాలు బాగుంటాయని.

“ఇవ్వండి. ఆమె ఇష్టం” అన్నాను.

ప్రసంగానికి నలభై అయిదు నిమిషాలు అడిగాను.

17 జనవరి

ప్రసంగం పద్దెనిమిది పేజీలు. ఇంకా మూడో అధ్యాయంలోనే ఉన్నాను.

19 జనవరి, సోమవారం

ముఖ్యమైన చోటు. అయిదో అధ్యాయంలో ఆ అమ్మాయి ప్రియుణ్ని వెతుక్కుంటూ వీధిలోకి వస్తే ఊరి కావలివాళ్లు ఆమెను కొట్టి పై వస్త్రం లాక్కుంటారు. జకరయ్యను ఇక్కడ పెట్టాలని ఎప్పటి నుంచో అనుకున్నాను. ప్రేమకు కావలి కాసేవాళ్లు ఎప్పుడూ దాన్నే కొడతారు, అని. మూడు పేజీలు వచ్చాయి. మంచి పేజీలు.

అయితే ఆమె వీధిలోకి ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి కదా, వెనక్కి వెళ్లి చదివాను. అతను తలుపు తడతాడు. మంచుకు తల తడిసి ఉంటుంది. ఆమె లేవదు. బట్టలు మార్చుకున్నాను, కాళ్లు కడుక్కున్నాను, మళ్లీ మురికి చేసుకోవాలా అంటుంది. పెద్ద కారణమేమీ కాదు. బద్ధకం. లేచి తలుపు తీసేసరికి అతను వెళ్లిపోయి ఉంటాడు.

ఇంతకాలం ఆ కావలివాళ్ల దగ్గరికి తొందరగా పోదామని ఈ తలుపు దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

గుమ్మంలో నిలబడి “నీకు తెలుసా?” అన్నప్పుడు వనజ కాసేపు ఆగింది. నేను పేపరు చదువుతున్నాను.

20 జనవరి

బస్సుల టైములు కనుక్కున్నాను. ఊరికే. దమ్మపేట నుంచి సత్తుపల్లి, అక్కణ్నుంచి కల్లూరు మీదుగా వైరా, వైరా నుంచి బోనకల్. మూడు బస్సులు. పొద్దున ఆరున్నరది పట్టుకుంటే పదకొండుకు చేరొచ్చు.

22 జనవరి

బీరువా తాళాలు ఎక్కడున్నాయో వనజనే అడగాలి. ఫోనులో చెబితే అర్థం కాదు. వెళ్లక తప్పదు. శనివారం వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే ఆదివారం ప్రసంగానికి ఇబ్బంది ఉండదు.

24 జనవరి, శనివారం. బోనకల్

ఇక్కడే ఉన్నాను. ఎందుకో రాస్తాను.

చిన్నక్క ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్లు కల్లం వైపు చూపించారు. ఊరి బయట ఎర్రటి మిరపకాయలు నేల కనపడకుండా ఆరబోసి ఉన్నాయి. నడుమ చెట్టు నీడలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, దాన్ని వేరు చేయాలి. వరుస చివర వనజ. మూతికి, ముక్కుకు కొంగు చుట్టుకుని ఉంది. అయినా దూరం నుంచే గుర్తుపట్టాను. కూర్చున్న తీరు.

నేను వెళ్లి నిలబడ్డాను. ఆమె తలెత్తి చూసి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

“బీరువా తాళాలు...” అన్నాను.

“బియ్యం డబ్బాల” అంది.

పని అయిపోయింది. తిరిగి వెళ్లొచ్చు. వెళ్లలేదు. ఎండలో నిలబడ్డాను. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. వాళ్లలో రూప్లి అని తండా మనిషి, నోరు గట్టిది, ఊరుకోలేదు.

“ఏందమ్మా, గీయనేనా? రెండు నెలల నుంచి మాకు చెప్తివి. గీ ముసలాయనల ఏం గొప్ప ఉందని నువ్వు అలుగుతవ్, ఆయన ఎండల నిలబడతడు?”

ఆ పాటలో కూడా ఊరి ఆడవాళ్లు ఆ అమ్మాయిని ఇదే అడుగుతారు. నీవాడిలో అంత గొప్ప ఏముంది, మిగతావాళ్ల కంటే? అప్పుడామె అతన్ని తల నుంచి కాళ్ల దాకా వర్ణిస్తుంది. బంగారం తల, పావురాల కళ్లు, పాలరాతి స్తంభాల కాళ్లు. మన ప్రబంధ కవులు కూడా అలాగే వరసగా వర్ణిస్తారు, కానీ వాళ్లు ఎప్పుడూ ఆడదాన్నే వర్ణించారు. ఇక్కడ ఆడది మాట్లాడుతుంది. ఇది రేపటి ప్రసంగంలో పదకొండో పేజీ.

వనజ కొంగు కిందికి లాగింది. పైనుంచి మొదలుపెట్టింది.

“తల చూడుండ్రి. లోపల పుస్తకాల బీరువా ఉంది. కండ్లా? కండ్లకు పాత అచ్చరాలన్ని కనబడతయి, ఎదురుంగ కూసున్న మనిషి కనబడదు. ముక్కు, కూరల ఉప్పు తక్కువైతే బజారు నుంచే పసిగడతది. నోరు సంగతి చెప్పొద్దు. ప్రార్థన చేస్తే దేవునికి గూడ తప్పులు దిద్దుతది.”

ఆడవాళ్లు చేతిలో కాయలు వదిలేసి నవ్వుతున్నారు.

“చేతులు, పెండ్లయినప్పటి నుంచి ఒక్క గిన్నె కడిగినయి గావు. గానీ నాకు టైఫాయిడు వచ్చి ఖమ్మం దవాఖానల పడితే, కరెంటు లేకుండె, పన్నెండు రోజులు విసనకర్ర ఊపినయి. ఆగలే.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. తర్వాత నా చెప్పుల వైపు చూసింది. “కాళ్లు వాచినయి. మూడు బస్సులు మారి వచ్చినట్టున్నడు. రూప్లీ, జరుగు. నీడల కూసోనియ్యి.”

రూప్లి జరిగింది, ఊరుకోలేదు. “సారూ, నువ్వు గూడ చెప్పాలె. ఆమె చెప్పింది గద!”

అందరూ నా వైపు తిరిగారు. ఎనిమిది మంది ఆడవాళ్లు. చిన్నక్క వదిన కూడా బస్తా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నా దగ్గర పదాలు లేక కాదు. నిఘంటువులు అరగదీసినవాణ్ని.

“వనజ...” అన్నాను. పదిమందిలో ఆమె పేరు పలకడం నాకే కొత్తగా వినిపించింది. ఇంట్లో “ఏమే”, బయట “మా ఇంట్లోది”.

“వనజ జుట్టు తెల్లబడ్డది. రంగు వేయదు. ఎడమ చెవి మీద ఒక పాయ ఉంటుంది, పిన్ను పెట్టినా లొంగదు. నుదుటి మీద చిన్న మచ్చ. పెళ్లయిన ఏడు స్టవ్ మంట ఎగిసింది. నేను అప్పుడు వరండాలో చదువుకుంటున్నాను, లేవలేదు.” ఇది చెప్పాలనుకోలేదు. “ఏదైనా నమ్మనప్పుడు కుడి కన్ను చిన్నది చేస్తుంది. ఇప్పుడు చేస్తోంది. కుడి చెవి సరిగా వినపడదు. నేను గొణిగేవన్నీ ఆ వైపే గొణుగుతాను. అయినా అన్నీ వింటుంది.”

“వింట, వింట” అంది.

“మెడ... పై స్వరం పాడేటప్పుడు మెడ మీద ఒక నరం లేస్తుంది. క్రిస్మస్ రోజు నేను ఆ నరం కోసమే...”

అక్కడ దగ్గొచ్చింది. మిరప ఘాటు. కళ్లలో నీళ్లు కారిపోయాయి. కల్లంలో ఎవరికైనా అంతే, అలవాటు లేనివాళ్లకు మరీ. చిన్నక్క వదిన మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆమెకు అలవాటే, అయినా ఎందుకు తుడుచుకుందో తెలియదు.

వనజ చెంబుతో నీళ్లిచ్చింది.

“మెడ కాడనే ఆగినవ్” అంది.

“ఘాటు.”

“కిందికి ఇంక చాన ఉంది.”

రూప్లి పెద్దగా అరిచినట్టు నవ్వింది. వనజ నవ్వలేదు, కానీ కుడి కన్ను మామూలుగా అయింది.

“నాలుగు రోజుల పని ఉంది ఇక్కడ” అంది. “కూసో. తాలు ఏరు. తెల్లగున్నయి పక్కకు తీయి.”

కూర్చున్నాను. తప్పుగా ఏరుతున్నానని మూడుసార్లు దిద్దింది. ఎదురు చెప్పలేదు.

సాయంత్రం పాస్టరుకు ఫోన్ చేశాను. రేపు రాలేనన్నాను.

“సార్! ముప్పై ఏండ్ల నుంచి ఎదురుచూసిండ్రు గద!”

“జకరయ్యను మాట్లాడమనండి. ఆయన తన భార్యకు ఎనిమిది అధ్యాయాలూ వినిపించాడు. నేను ఇప్పుడే మెడ దాకా వచ్చాను.”

25 జనవరి, ఆదివారం

పొద్దున బోనకల్ చర్చిలో వెనక కూర్చున్నాం. వనజ పై స్వరం పాడింది. నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానట, వదిన చెప్పింది.

మధ్యాహ్నం జకరయ్య ఫోన్ చేసి ప్రసంగం పన్నెండు నిమిషాల్లో అయిపోయిందన్నాడు. ఏం చెప్పావన్నాను. “ఎదురుంగ ఉన్న మనిషితోని మంచిగ ఒక్క మాట చెప్పనోడు, కనబడని దేవునితోని ఏం చెప్తడు అన్న. ఇంక మాటలు దొరకలే, దిగిన” అన్నాడు.

నా పద్దెనిమిది పేజీల్లో ఆ మాట లేదు. ఆయనకే ఉండనీ. ఆ మాట చెప్పే హక్కు నాకింకా రాలేదు.

27 జనవరి

చేతులు మండుతున్నాయి. మజ్జిగలో ముంచుకోమంది వనజ. బదిలీ లెటర్ సంగతి పాస్టరుకు తనే ఫోన్ చేసింది. “ఇప్పుడే ఒద్దు అయ్యగారూ” అంది. వద్దు అనలేదు. ఇప్పుడే వద్దు అంది. న్యాయమే.

28 జనవరి, బుధవారం. దమ్మపేట

వైరాలో బస్సు నిండుగా ఉంది. ఆమెకు ముందు ఆడవాళ్ల వైపు సీటు దొరికింది, టికెట్టు కూడా లేదు. నేను టికెట్టు కొని వెనక నిలబడ్డాను. తల్లాడ పోయింది. కల్లూరులో ఆమె పక్కన కూర్చున్నావిడ దిగింది. ఇంకొకావిడ కూర్చోబోతే వనజ సంచి అడ్డం పెట్టి, బస్సంతా వినేట్టు వెనక్కి కేకేసింది.

“ఏందయ్యా, గక్కడనే నిలబడతవా?”

వెళ్లి కూర్చుని, మెడ దగ్గర ఆపినచోటు నుంచి అందుకున్నాను. సత్తుపల్లి పొలిమేర వచ్చేసరికి భుజాలు, మోచేతులు అయిపోయాయి, మణికట్టు మీదున్నాను. ముందు సీటులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఫోన్లు పక్కన పెట్టి వెనక్కి వంగి వింటున్నారు.

“గొంతు తగ్గించు” అంది వనజ. “నలుగురు వింటుండ్రు.”

“విననీ. నలుగురిలో చెప్పలేదనే కదా నువ్వు వెళ్లింది” అన్నాను.

ఆమె కిటికీలోంచి పామాయిల్ తోటల వైపు చూసింది. తర్వాత, వినపడే చెవి నా వైపు వచ్చేట్టు సర్దుకుని కూర్చుంది.

“చెప్పు మరి” అంది.